మట్టి ఖర్చులు ఎవరు పెట్టుకోవాలి?

(పారిశుధ్య కార్మిక స్త్రీల ఆరోగ్యంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నగరాల మట్టిలోనూ దుమ్ములోనూ ఉండే హానికరమైన బాక్టీరియా గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నేను కొంచెం తటపటాయించాను. నా పేరు ముందు డాక్టర్ అని ఉన్నమాట నిజమే కానీ అది సోషియాలజీ ఇచ్చిన డాక్టర్. మైక్రోస్కోపులోకి నేను చివరిసారి చూసింది ఇంటర్మీడియట్‌లో. అయినా ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో చెప్పాలంటే ముందు ఒక స్త్రీ గురించి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట ఒక మునిసిపాలిటీలో వీధులూడ్చే స్త్రీల పని పరిస్థితుల మీద అధ్యయనం చేశాను. అప్పుడు పరిచయమైంది ఆమె. నలభై ఏడేళ్లుంటాయి. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను మేడం అనడం మాత్రం మానలేదు. మూడుసార్లు కూర్చుని మాట్లాడాం. జీతం ఎన్ని నెలలకోసారి వస్తుంది, మేస్త్రీ ఎలా మాట్లాడతాడు, భర్త తాగుడు, కూతురి చదువు, ఇంట్లో ఎవరు వండుతారు, అన్నీ అడిగాను. నా నోటుబుక్కులో ఆమెవి అరవై పేజీలున్నాయి. ఆ అరవై పేజీల్లో ఎక్కడా ఆమె పాదాల గురించి లేదు. నేను అడగలేదు.

ఒకరోజు, మురుక్కాల్వలోంచి తీసి రోడ్డు పక్కన పోసిన పూడికని ఎత్తుతుంటే ఆమె కాలిలో మేకు దిగింది. అరిగిపోయిన రబ్బరు చెప్పులోంచి లోపలిదాకా దిగింది. పని ఆపి ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఇంటికి వెళ్లాక కిరసనాయిలు పూసి పసుపు అద్దుకుంది. తొమ్మిదో రోజుకి దవడలు బిగుసుకున్నాయి. మొదట పంటినొప్పి అనుకున్నారు. తర్వాత మింగుడు పడలేదు, ఒళ్లు విల్లులా వంగిపోయింది. ధనుర్వాతం. పెద్దాసుపత్రిలో ఆరు రోజులుండి చనిపోయింది.

నష్టపరిహారం కోసం కాగితాలు తీయబోతే రెండు విషయాలు బయటపడ్డాయి. ఆసుపత్రి కేసుషీటులో వృత్తి అన్న చోట ‘గృహిణి’ అని రాసి ఉంది. మస్టరులో ఆమె పేరే లేదు. పేరు అత్తగారిది, చీపురు పట్టిన చేయి కోడలిది. పన్నెండేళ్లుగా ఆమె అత్త పేరు మీద ఊడుస్తోంది. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, కాంట్రాక్టరుకీ తెలుసు. కాంట్రాక్టరు వచ్చి కూతురి చేతిలో కొన్ని నోట్లు పెట్టి, “మట్టి ఖర్చులకి ఉంచుకో అమ్మా” అని వెళ్లిపోయాడు.

అంత్యక్రియల ఖర్చుని మనం మట్టి ఖర్చులంటాం. ఆ రోజు ఆ మాట వేరుగా వినిపించింది. నగరపు మట్టిని ఎత్తడానికి నిజంగా ఒక ఖర్చుంది. చెప్పులు, చేతి తొడుగులు, టీకా, సబ్బు, నీళ్లు, వైద్యం, నష్టపరిహారం. ఇవేవీ నగరం పెట్టుకోనప్పుడు ఆ ఖర్చు ఎక్కడికీ మాయమవదు. అది ఒక స్త్రీ శరీరం మీద పడుతుంది. మట్టిలోని బాక్టీరియా అనే విషయాన్ని నేను ఈ వైపు నుంచే చూడగలను.

మట్టి శత్రువు కాదు

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. బాక్టీరియా అనగానే మనకి రోగమే గుర్తొస్తుంది. చిటికెడు మంచి నేలలో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. వాటిలో చాలా భాగం మనకి ఏ హానీ చెయ్యవు. ఆకులు కుళ్లి ఎరువవడం, పప్పుధాన్యాల వేళ్లలో నత్రజని నిలవడం వాటి పనే. తొలకరి వానకి వచ్చే మట్టివాసన కూడా స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా వంటివి తయారుచేసే పదార్థం వల్ల వచ్చేదే. ఆ జాతి బాక్టీరియా నుంచే క్షయకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకి నాయకత్వం వహిస్తున్న కాలంలో వచ్చిన ఆరియోమైసిన్ కూడా మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని బాక్టీరియా ఇచ్చిన మందే.

కాబట్టి మట్టిని చూసి భయపడమని చెప్పడానికి నేను రాలేదు. పిల్లల్ని మట్టిలో ఆడుకోనివ్వద్దని తల్లుల మీద ఇంకో బరువు పెట్టడానికి అసలే రాలేదు. హాని చేసే బాక్టీరియా కొన్ని ఉన్నాయి. అవి మనిషిని చేరడానికి దారి కావాలి. చెప్పు లేని కాలు ఒక దారి. తొడుగు లేని చెయ్యి ఒక దారి. కడుక్కోవడానికి నీళ్లు లేని చోట తిన్న టిఫిను ఒక దారి. ఈ దారులు ప్రకృతి వేసినవి కావు.

ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం టెటాని సంగతే చూడండి. ఇది మట్టిలోనూ పశువుల పేడలోనూ స్పోర్ల రూపంలో ఉంటుంది. స్పోరంటే గట్టి పొర కప్పుకుని నిద్రపోతున్న గింజలాంటిది. ఎండకి చావదు, నీళ్లు లేకపోయినా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. గాలి ఆడని లోతైన గాయం దొరికితే మేలుకుని విషం తయారుచేస్తుంది. తుప్పుపట్టిన మేకు వల్ల ధనుర్వాతం వస్తుందని మనం అనుకుంటాం. నిజానికి తుప్పు కాదు కారణం, మేకుతోపాటు లోపలికి వెళ్లిన మట్టి. ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఒకసారి వచ్చి బతికినా మళ్లీ రాకుండా రక్షణ ఏర్పడదు. టీకా ఒక్కటే రక్షణ.

పాదాల మాట వచ్చింది కనుక మదురా పాదం గురించి చెప్పాలి. మదురై ప్రాంతంలో 1842లోనే వైద్యులు రాసిపెట్టిన జబ్బు ఇది. ముల్లో రాయో గుచ్చుకున్న చోట మట్టిలోని కొన్ని రకాల బాక్టీరియా, శిలీంధ్రాలు చేరి, ఏళ్ల మీద పాదాన్ని తినేస్తాయి. ఎక్కువగా చెప్పుల్లేకుండా పనిచేసే పేదల జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది 2016లో. నూట డెబ్భై ఏళ్లకి పైగా పట్టింది.

వానాకాలంలో ఎలుకల మూత్రంతో కలుషితమైన బురద నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. 2005 జులైలో ముంబై మునిగినప్పుడు వరద తర్వాత ఆ జ్వరాలు పెరిగాయి. తడి మట్టిలో ఉండే మరో బాక్టీరియా వల్ల మెలియాయిడోసిస్ వస్తుంది. విట్మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు 1911లో రంగూన్‌లో దీన్ని గుర్తించారు. షుగరు జబ్బు ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. చూడటానికి క్షయలా ఉండటంతో చాలాసార్లు క్షయ మందులే వాడేస్తారు. 2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుసగా మరణాలు సంభవించినప్పుడు ఈ జబ్బేమోనన్న అనుమానంతోనే ఆ పేరు మన పత్రికల్లోకి వచ్చింది. అంతకుముందు మనలో ఎంతమంది విన్నాం?

క్షయ గురించి కూడా జాగ్రత్తగా మాట్లాడాలి. క్షయ ప్రధానంగా గాలి ఆడని ఇళ్లలో, దగ్గే మనిషి నుంచి వస్తుంది. రోడ్డు దుమ్ము వల్ల నేరుగా వస్తుందని మనం ప్రచారం చేస్తే అది తప్పవుతుంది. కానీ రోడ్డు దుమ్ములో సన్నటి ఇసుక రేణువులుంటాయి. సిలికా దుమ్ము వల్ల ఊపిరితిత్తులు పాడైన మనిషికి క్షయ సోకే అవకాశం ఎక్కువని వైద్యశాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. నాగపూర్‌లో వీధులూడ్చే కార్మికుల మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, అదే స్థాయి ఇతర ఉద్యోగుల కంటే వీళ్లలో దీర్ఘకాలిక బ్రాంకైటిస్ ఎక్కువగా కనిపించింది.

దుమ్ము తనంతట తాను లేవదు

ఇక ఈ దుమ్ము ఎలా తయారవుతుందో చూద్దాం. వానలకి ముందు మురుక్కాల్వల పూడిక తీస్తారు. తీసిన పూడికని వెంటనే లారీలో ఎత్తుకెళ్లరు. కాల్వ పక్కనే కుప్పపోస్తారు. “ఆరాక బరువు తగ్గుతుంది, అప్పుడు ఎత్తుతాం” అంటారు. అందులో మలముంటుంది, చచ్చిన ఎలుకలుంటాయి, గాజుపెంకులుంటాయి, ఆసుపత్రుల నుంచి దొంగచాటుగా పారేసిన సూదులుంటాయి. నాలుగు రోజుల ఎండకి అది పొడవుతుంది. బస్సు వెళ్తే లేస్తుంది. తెల్లవారుజామున ఒక స్త్రీ వచ్చి పొడి చీపురుతో దాన్ని ఊడుస్తుంది. ఎండకి చచ్చే బాక్టీరియా చస్తాయి, స్పోర్లు మిగులుతాయి. కాల్వలో ఉన్నంతకాలం అది అందరి మురికి. రోడ్డు మీదకొచ్చి ఎండాక అది ఒకరి ఊపిరి.

ఊడ్చే ముందు నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. ఈ సంగతి వాకిలి ఊడ్చే ప్రతి ఆడపిల్లకీ తెలుసు. కల్లాపి చల్లి ఊడవడం మన ఇళ్లలో వందల ఏళ్ల నాటి పద్ధతి. ఇంటి ముందు గజం మేర వాకిలికి ఉన్న ఈ చిన్న జ్ఞానం కిలోమీటర్ల పొడవు రోడ్లకి ఎందుకు లేదు? నీళ్ల ట్యాంకరుకి ఖర్చవుతుంది. ఊడ్చే స్త్రీ ఊపిరితిత్తులకి ఏమీ ఖర్చవదు. అలాగని కాంట్రాక్టు లెక్కల్లో రాసుకుంటారు.

“మూతికి గుడ్డ కట్టుకోవచ్చు కదా” అని ఒక అధికారి నాతో అన్నాడు. కట్టుకుంటారు. కొంగు చుట్టుకుంటారు. కొంగు పెద్ద ధూళిని కొంత ఆపుతుంది కానీ సన్నటి రేణువుల్ని ఆపదు. పైగా అదే కొంగుతో చెమట తుడుచుకోవాలి, అదే కొంగుతో మనవడి మూతి తుడవాలి. ఆ చీరతోనే ఇంటికి వెళ్లాలి. బట్టలు మార్చుకునే గది లేదు, మరుగుదొడ్డి లేదు. చేతులు కడుక్కునే కుళాయి కోసం హోటలు వాణ్ని బతిమాలుకోవాలి. కార్మికుడు ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుని కూర్చుంటాడు. కార్మికురాలు అదే చేతుల్తో పొయ్యి దగ్గరికి వెళ్తుంది. అతని దుమ్ము బట్టలు కూడా ఆమే ఉతుకుతుంది. వీధి దుమ్ము ఆమెకి రెండు షిఫ్టుల పని.

చెత్తబుట్టల్లో వాడిపారేసిన శానిటరీ నాప్కిన్లని, పిల్లల డయపర్లని చేతుల్తో విడదీసేదీ ఎక్కువగా స్త్రీలే. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు వాటిని చుట్టి విడిగా ఇవ్వాలని చెప్పాయి. మనలో ఎంతమందిమి ఇచ్చాం? బహిష్టు గురించి సిగ్గుపడకూడదని ఇరవై ఏళ్లుగా సభల్లో మాట్లాడుతున్నాను. నా ఇంటి నుంచి వెళ్లిన పొట్లం ఏ స్త్రీ చేతుల్లో విడిపోతుందో చాలా ఆలస్యంగా ఆలోచించాను. స్త్రీలందరం ఒకటే అనుకునే చోట ఈ కులం గీత ఎంత లోతుగా ఉందో ఒప్పుకోకుండా ఈ విషయం మాట్లాడలేం.

గర్భానికి టీకా, కార్మికురాలికి లేదు

నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయం ఇప్పుడు చెబుతాను. ఆమె చనిపోయాక నేను కూతుర్ని అడిగాను, అమ్మకి టీటీ ఇంజక్షన్లు ఎప్పుడైనా వేశారా అని. “నేను కడుపులో ఉన్నప్పుడు వేసుంటారు మేడం” అంది. ఆ అమ్మాయికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు.

అంటే ఇరవై నాలుగేళ్ల కిందట ఈ రాజ్యం ఆమెకి ధనుర్వాతం నుంచి రక్షణ ఇచ్చింది. ఆమె కోసం కాదు, ఆమె కడుపులో బిడ్డ కోసం. ఆ కార్యక్రమాన్ని నేను తక్కువ చేయను. ఒకప్పుడు దేశంలో ఏటా లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా నవజాత శిశువులకి ధనుర్వాతం వచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తల్లులకి టీకాలు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, వీటి వల్ల 2015 నాటికి మనదేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశాల్లో చేరింది. ఇక్కడ నిర్మూలన అంటే ఏ జిల్లాలోనూ వెయ్యి కాన్పులకి ఒక కేసు కూడా మించకపోవడం. అది పెద్ద విజయం. ఆ విజయంలో ఏఎన్ఎంల కాళ్ల నొప్పులున్నాయి.

కానీ మట్టిలోని స్పోరు నిర్మూలన కాలేదు. కాదు కూడా. మట్టిలోంచి దాన్ని ఎవరూ తీసెయ్యలేరు. చిన్నప్పుడు టీకాలు పడని స్త్రీకి గర్భిణిగా ఉన్నప్పుడు వేసిన రెండు సూదుల రక్షణ కొన్నేళ్లకి తగ్గిపోతుంది. మట్టితో పనిచేసేవాళ్లు పదేళ్లకోసారి బూస్టరు వేయించుకోవాలని వైద్యులంటారు. మన జాతీయ కార్యక్రమంలో చిన్నతనం టీకాల తర్వాత పదేళ్లకీ పదహారేళ్లకీ ఒక్కో మోతాదు, ఆ తర్వాత గర్భిణులకి. ఇప్పుడు టీటీ బదులు టీడీ ఇస్తున్నారు, అందులో డిఫ్తీరియాకి కూడా రక్షణ ఉంటుంది. నలభై ఏడేళ్ల స్త్రీ, పిల్లల్ని కనడం అయిపోయిన స్త్రీ, రోజూ మట్టిలో చేతులు పెట్టే స్త్రీ, ఆ పట్టికలో ఎక్కడుంది? ఆమె గర్భసంచిని రాజ్యం గుర్తుపట్టింది. ఆమె చేతుల్ని, కాళ్లని గుర్తుపట్టలేదు.

తప్పు ఎవరిదని చెబుతూ వచ్చాం?

శిశువుల ధనుర్వాతం గురించి ఇంకో మాట. దశాబ్దాల పాటు దానికి నిందలు మోసింది మంత్రసాని. కొడవలితో బొడ్డు కోసింది, బొడ్డు మీద పేడ పెట్టింది, మూర్ఖురాలు అన్నారు. ఆ పద్ధతులు ప్రమాదకరమైనవే, అందులో సందేహం లేదు. కానీ ఆమెకి బ్లేడు, సబ్బు ఎవరిచ్చారు? ఆమె చాలాచోట్ల దళిత స్త్రీ. అందరూ ముట్టుకోవడానికి అసహ్యించుకునే రక్తాన్ని, మాయని ఎత్తి పాతిపెట్టే పని ఆమెకి వదిలేసి, ఆ పని వల్ల వచ్చిన జబ్బుకి కూడా ఆమెనే తప్పుపట్టారు.

ఇవాళ వీధులూడ్చే స్త్రీ విషయంలో అదే జరుగుతోంది. ఆరోగ్య శిబిరం పెడతారు. చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మల పుస్తకం ఇస్తారు. “మీరు శుభ్రంగా ఉండాలి” అని డాక్టరు గారు ఉపన్యాసం ఇస్తారు. ఊరంతటినీ శుభ్రం చేసే మనిషికి శుభ్రత మీద ఉపన్యాసం! అలాంటి ఒక శిబిరంలో ఒక పెద్దావిడ లేచి, “సబ్బు ఉందయ్యా, నీళ్లెక్కడ?” అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇదే స్త్రీల మీద పూలు చల్లారు, కాళ్లు కడిగారు, దండలు వేశారు. ఆ పూలని మర్నాడు వాళ్లే ఊడ్చారు.

మందులకి లొంగని మట్టి

ఇప్పుడు కొత్తగా వచ్చిపడిన ప్రమాదం. గాయం చీము పడితే యాంటీబయాటిక్ వేస్తే తగ్గిపోతుందన్న ధైర్యం మనకి ఇన్నాళ్లూ ఉంది. ఆ ధైర్యం సడలిపోతోంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు మన పటాన్‌చెరులో, తొంభై దాకా మందుల కంపెనీల వ్యర్థాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే అది ఎక్కువ. అలాంటి నీటిలో, ఆ నీరు తడిపిన నేలలో మందుకి లొంగని బాక్టీరియా మాత్రమే బతికి పెరుగుతాయి. ఆ చుట్టుపక్కల మట్టిలో, బావుల్లో కూడా ఆ మందుల ఆనవాళ్లు దొరికాయని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి.

2010లో ఢిల్లీ వీధుల్లో నిలిచిన మురుగునీటి నుంచి 171 నమూనాలు తీస్తే 51లో ఎన్‌డీఎం-1 అనే జన్యువు కనిపించింది. బాక్టీరియాకి చాలా శక్తివంతమైన యాంటీబయాటిక్కులని కూడా తట్టుకునే బలం ఇచ్చే జన్యువు అది. కుళాయి నీళ్ల 50 నమూనాల్లో రెండింటిలో కూడా ఉంది. అప్పట్లో ఆ జన్యువుకి న్యూఢిల్లీ పేరు పెట్టారని మన ప్రభుత్వానికి కోపం వచ్చింది. పేరు గురించి జరిగినంత చర్చ, ఆ నీళ్లలో ఎవరి కాళ్లు నానుతున్నాయన్నదాని మీద జరగలేదు. మందులకి లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేలమంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. గాయాలు ఎక్కువగా అయ్యేవాళ్లకి, ఆర్ఎంపీ ఇచ్చే సగం కోర్సు మందుతోనే సరిపెట్టుకునేవాళ్లకి ఈ ప్రమాదం ముందు వస్తుందని చెప్పడానికి శాస్త్రవేత్త కానక్కర్లేదు.

బ్రాడ్‌ఫోర్డ్ చెప్పిన పాఠం

బాక్టీరియా వల్ల వచ్చిన జబ్బుని పని వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పించడం సాధ్యమేనా? సాధ్యమే. నూరేళ్ల కిందటే జరిగింది.

ఇంగ్లండులో బ్రాడ్‌ఫోర్డ్ ఉన్ని మిల్లుల ఊరు. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ దూరదేశాల నుంచి వచ్చిన ఉన్నిని విప్పి ఏరే కార్మికులు ఉన్నట్టుండి జ్వరం, ఆయాసం వచ్చి ఒకటి రెండు రోజుల్లో చనిపోయేవారు. ఆ ఉన్ని దుమ్ములో ఆంత్రాక్స్ బాక్టీరియా స్పోర్లున్నాయి. మట్టిలో పశువుల మధ్య బతికే బాక్టీరియా అది. అది స్పోర్లుగా మారి నిలుస్తుందని రాబర్ట్ కాక్ 1876లో చూపించాడు. 1880 ప్రాంతంలో జాన్ హెన్రీ బెల్ అనే స్థానిక డాక్టరు, కార్మికుల చావులకి కారణం అదేనని నిరూపించాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ల పోరాటం నడిచింది. చివరికి 1906లో బ్రిటన్ కార్మిక నష్టపరిహార చట్టంలో మొదటిసారి వృత్తి వ్యాధుల జాబితా పెట్టినప్పుడు, ఆ ఆరు జబ్బుల్లో ఆంత్రాక్స్ ఒకటి.

మన దేశంలో 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టానికి కూడా మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధుల జాబితా ఉంది. తర్వాత సవరించిన ఆ షెడ్యూలు ‘ఎ’ భాగంలో మొట్టమొదటి అంశం ఏమిటో తెలుసా? సూక్ష్మజీవుల వల్ల, పరాన్నజీవుల వల్ల వచ్చే అంటురోగాలు. కలుషితమయ్యే ప్రత్యేక ప్రమాదం ఉన్న ఏ పనిలోనైనా అవి సోకితే వృత్తి వ్యాధి కిందికి వస్తాయి. ఆసుపత్రి పని, పశువుల పని పేర్లు చెప్పి, చివర అటువంటి ప్రమాదం ఉన్న ఇతర పనులు అని కూడా రాశారు. వీధులూడవడం ఆ ‘ఇతర పనుల్లో’ ఎందుకు ఉండకూడదు? ఉండాలని ఎవరైనా గట్టిగా అడిగారా?

ఆ చట్టం 12వ సెక్షను, కాంట్రాక్టరు ద్వారా పని చేయించుకున్నా అసలు యజమాని నష్టపరిహారం ఇవ్వక తప్పదని చెప్పింది. స్థానిక సంస్థ చేసే విధులు కూడా ఆ సంస్థ వ్యాపారం కిందే లెక్క అని 2వ సెక్షనులోనే స్పష్టం చేసింది. మునిసిపాలిటీ చేతులు దులుపుకోవడానికి వీల్లేదన్నమాట. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఆ పాత చట్టం కలిసిపోయింది. వృత్తి వ్యాధుల షెడ్యూలు కొత్త కోడ్‌లోనూ ఉంది. సెక్షన్ల నంబర్లు మారాయి కనుక మీ లాయరు మిత్రులతో కూర్చుని కొత్త నంబర్లు రాసుకోండి.

ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. మేకు దిగి ధనుర్వాతం వస్తే అది పనిలో జరిగిన ప్రమాదం. దానికి వృత్తి వ్యాధుల జాబితా దాకా వెళ్లనక్కర్లేదు, గాయం పనిలో అయిందని నిరూపిస్తే చాలు. గాయం కనపడకుండా సోకిన జబ్బుకే ఆ జాబితా కావాలి. రెండింటిలోనూ మన దగ్గర లేనిది ఒకటే. కాగితం.

మనం చేయగల పనులు

అందుకని కార్యకర్తలకి కొన్ని సూచనలు చర్చకి పెడుతున్నాను. ఇవి పెద్ద డిమాండ్లు కావు, రేపు ఉదయం మొదలుపెట్టగలిగినవి.

ఒకటి, గాయాల పుస్తకం. ప్రతి బృందంలో చదువొచ్చిన ఒక స్త్రీ దగ్గర ఒక నోటుబుక్కు ఉండాలి. ఎవరికి, ఏ తేదీన, ఏ వీధిలో, ఏమి గుచ్చుకుంది, ఎవరు చూశారు. అదే రోజు మేస్త్రీకి రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే ఇద్దరు సాక్షుల వేలిముద్రలు. చిన్న గాయమే కదా అని వదిలెయ్యొద్దు. ధనుర్వాతం బయటపడటానికి మూడు రోజుల నుంచి మూడు వారాలు పట్టొచ్చు. అప్పటికి మేకు ఎక్కడ దిగిందో నిరూపించడం కష్టం.

రెండు, ఆసుపత్రి చీటీ. ఓపీ చీటీ రాయించేటప్పుడే “వీధులూడ్చే పని” అని చెప్పి రాయించాలి. తోడు వెళ్లేవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పాలి. ‘గృహిణి’ అన్న ఒక్క మాట ఒక కుటుంబానికి ఎంత నష్టం చేసిందో మీరు విన్నారు.

మూడు, టీకా. ధనుర్వాతం టీకా ఖరీదైనది కాదు. పారిశుధ్య కార్మికులందరికీ, స్త్రీలకీ పురుషులకీ, పనిలో చేరినప్పుడు పూర్తి కోర్సు, ఆ పైన పదేళ్లకోసారి బూస్టరు ఇచ్చి కార్డు చేతికివ్వాలని ప్రతి మునిసిపల్ కమిషనరుకీ అర్జీ పెడదాం. గాయమైన రోజున సూది ఎలాగూ వేయించుకోవాలి, కానీ ముందు కోర్సు పడని మనిషికి ఆ ఒక్క సూది సరిపోకపోవచ్చు.

నాలుగు, చెప్పులు, తొడుగులు. యూనిఫాం, తొడుగులు, రెయిన్‌కోటు, తగిన పాదరక్షలు, మాస్కు ఇవ్వాలని 2016 నియమాలే చెప్పాయి. ఇచ్చినచోట మగవాళ్ల సైజు బూట్లు ఇస్తే ఆడవాళ్లు తొడుక్కోలేక ఇంట్లో పెట్టేస్తారు. అప్పుడు “ఇచ్చినా వాడరు” అంటారు. కాలి కొలత తీసుకుని ఇవ్వమని అడుగుదాం.

అయిదు, పూడిక. కాల్వలోంచి తీసింది తడిగా ఉండగానే ఎత్తాలి, ఊడ్చేముందు నీళ్లు చల్లాలి, హాజరు తీసుకునే ప్రతి చోటా కుళాయి, సబ్బు, మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉండాలి. కాంట్రాక్టు టెండరు కాగితంలోనే ఈ ఖర్చు రాయించాలి.

ఆరు, అత్త పేరు మీద కోడలు, అక్క పేరు మీద చెల్లెలు చేసే పని. ఇది బయటపెడితే ఉన్న పని కూడా పోతుందని స్త్రీలు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. మన తొందరపాటుతో వాళ్ల నోట్లో మన్ను కొట్టకూడదు. కనుక దీన్ని ఒక్కొక్కరి కేసుగా కాకుండా యూనియను ద్వారా, నిజంగా పనిచేస్తున్న మనిషి పేరు మస్టరులోకి ఎక్కించాలన్న ఉమ్మడి డిమాండుగానే తేవాలి. దీని మీద మీ అనుభవాలు వినాలని ఉంది. నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ముగించే ముందు ఒక మాట. ఆ కూతురు ఇప్పుడు అదే మునిసిపాలిటీలో పనిచేస్తోంది. ఈసారి సొంత పేరు మీదే. నెల కిందట ఫోను చేసి, “మేడం, మా బృందంలో పుస్తకం పెట్టాం. ఇప్పటికి పదకొండు గాయాలు రాశాం” అంది. నేను సంతోషించాలో దుఃఖించాలో తెలియక, “మొదటి పేజీలో ఎవరిది రాశావు?” అని అడిగాను.

“మా అమ్మది. పాతదే అయినా తేదీ గుర్తుంది కదా మేడం” అంది.

నా అరవై పేజీల్లో లేనిది ఆ పుస్తకం మొదటి పేజీలో ఉంది. మన అధ్యయనాలు అక్కడి నుంచి మొదలవ్వాలని కోరుకుంటూ ముగిస్తున్నాను.